8×4 ప్లైవుడ్ మీద తొలి మోడల్ రైలు: వైరింగ్ ఎలా చేయాలి

రెండు పట్టాలకూ చెరో వైరు తగిలించి కంట్రోలర్ నాబు తిప్పితే ఇంజను కదులుతుంది. మొదటి రోజు ఇంతకు మించి ఏమీ అక్కర్లేదనిపిస్తుంది. నాలుగు నెలలు తిరిగేసరికి అదే ఇంజను బోర్డుకి అవతలి చివర ఈడిగిలబడుతుంది, పాయింట్ల (ఒక లైను రెండు దారులుగా చీలే చోట్ల) మీద ఆగిపోతుంది, వేలితో తోస్తేగానీ కదలదు. చాలామంది ఇంజన్నే అనుమానించి విప్పదీస్తారు. నూటికి తొంభై పాళ్ళు లోపం ఇంజన్లో ఉండదు, పట్టాల కింద ఉంటుంది. బోర్డు మీద కొండలు, చెట్లు పెట్టాక కిందికి దూరి సరిచేయడం నరకం. అందుకే వైరింగ్ అంతా సీనరీకి ముందే, ఒక్కో వైరూ పరీక్షించుకుంటూ పూర్తి చేయాలి.

ఉదాహరణకి ఒక లేఅవుట్ అనుకుందాం. స్కేలు హెచ్‌ఓ, అంటే అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ప్లైవుడ్ షీటు మన దుకాణాల్లో ఎక్కువగా 8×4 అడుగుల్లో దొరుకుతుంది కాబట్టి బోర్డు కొలత అదే, 12 మి.మీ. మందం సరిపోతుంది. 18 అంగుళాల వ్యాసార్ధం ఉన్న వంపు ముక్కలు 12, 9 అంగుళాల తిన్నని ముక్కలు 10 కలిపితే ఒక అండాకారపు చుట్టు వస్తుంది. దాని పొడవు దాదాపు 17 అడుగులు. ముందు వైపు కొన్ని తిన్నని ముక్కల బదులు పాయింట్లు వేసి చిన్న స్టేషను కడతాం: మెయిన్ లైను, లోపలి వైపు దాన్నుంచి విడిపోయి మళ్ళీ దాన్లోనే కలిసే లూప్ లైను, లూప్ నుంచి విడిపోయి అక్కడే ముగిసే ఒక గూడ్స్ సైడింగ్. మొత్తం 3 పాయింట్లు. (హెచ్‌ఓ పట్టాలు 1435 మి.మీ. స్టాండర్డ్ గేజికి తగ్గవి. మన 1676 మి.మీ. బ్రాడ్‌గేజిని 87తో భాగిస్తే 19 మి.మీ. పైనే వస్తుంది. అందువల్ల ఇండియన్ ఇంజన్ల మోడళ్ళు ఈ పట్టాల మీద కాస్త ఇరుగ్గా కనిపిస్తాయి. వైరింగ్‌కి మాత్రం దీంతో సంబంధం లేదు.)

కరెంటు ఏ దారిన పోతుంది

ఒక పట్టా నుంచి ఆ వైపు చక్రాలు కరెంటు అందుకుంటాయి, మోటారు గుండా వెళ్ళి అవతలి చక్రాల ద్వారా రెండో పట్టాకి చేరుతుంది. ఇరుసు మీద ఒక వైపు చక్రానికి ఇన్సులేషన్ ఉంటుంది, లేకపోతే ప్రతి బోగీ ఒక షార్ట్ సర్క్యూటే. మామూలు డీసీ పద్ధతిలో పట్టాలకి 0 నుంచి 12 వోల్టులు ఇస్తాం. వోల్టేజీ పెరిగితే వేగం పెరుగుతుంది, ప్లస్ మైనస్‌లు తిరగేస్తే దిశ మారుతుంది. ఇంజను ముఖం ఎటుంటే అటు నిలబడి చూసినప్పుడు కుడి పట్టా ప్లస్ అయితే అది ముందుకు నడవాలి. ఇది అందరూ పాటించే ఒప్పందం.

ఈ పట్టాలు నికెల్ సిల్వర్‌తో చేస్తారు. పేరులో వెండి ఉందిగానీ లోహంలో లేదు. అది రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమం. త్వరగా మసిబారదు, తుప్పు పట్టదు, కానీ రాగితో పోలిస్తే కరెంటుని బాగా అడ్డుకుంటుంది. అసలు ఇబ్బంది జాయినర్లతో. అసలు రైల్వేలో ఫిష్‌ప్లేట్ చేసే పనే ఇవి చేస్తాయి: రెండు పట్టాలని ఒక వరసలో పట్టి ఉంచుతాయి. కరెంటు మోయడం వాటి పని కాదు. కొత్తలో మోస్తాయి. తరవాత వదులవుతాయి, పట్టాలకి వేసిన రంగు లోపలికి దిగుతుంది, కంకర అతికించడానికి పోసిన ఫెవికాల్ నీళ్ళు సందులోకి పోయి ఎండి పొరలా అడ్డుపడతాయి. 17 అడుగుల చుట్టులో ఇలాంటి జతలు ఇరవైకి పైగా ఉంటాయి. ఒక్కో జత కాస్త కాస్త వోల్టేజీ కొరుకుతూ పోతే అవతలి చివరికి చేరేది ఎంత?

అందుకే పట్టాల కింద రాగి వైర్లు నడపాలి. వీధి వెంట పోయే మెయిన్ లైనూ, దాన్నుంచి ఇంటింటికీ దిగే సర్వీసు వైరూ గుర్తు చేసుకోండి. ఇక్కడ వీధి లైనుని బస్ అంటారు, సర్వీసు వైరుని ఫీడర్ అంటారు. బస్ లావుగా ఉంటుంది, ఫీడర్ సన్నగా, పొట్టిగా ఉంటుంది.

ఏమేం కొనాలి

బస్ కోసం 1.5 స్క్వేర్ ఎంఎం ఇంటి వైరు, ఎరుపు 6 మీటర్లు, నలుపు 6 మీటర్లు. ఒంటి తీగ కాకుండా సన్నపోగుల వైరు అడగండి, వంగడానికి వీలుగా ఉంటుంది. దుకాణంలో 90 మీటర్ల కాయిల్ అంటగట్టాలని చూస్తారు. మీటరు లెక్కన కోసిచ్చే కొట్టు వెతుక్కోండి. ఫీడర్ల కోసం 0.5 స్క్వేర్ ఎంఎం వైరు, అవే రెండు రంగులు, చెరో 4 మీటర్లు. ఈ రెండు రంగులూ పట్టాలకి మాత్రమే. లైట్లకి, పాయింట్ మోటార్లకి పసుపు, నీలం తీసుకోండి.

12 గదుల కనెక్టర్ స్ట్రిప్పులు 3, వైరు చివరలకి పిన్ లగ్గులు, అంటించి రాసుకోవడానికి మాస్కింగ్ టేపు. పట్టాల కోసం ప్లాస్టిక్ ఇన్సులేటెడ్ జాయినర్లు ఒక ప్యాకెట్టు. ఆన్-ఆఫ్ టోగుల్ స్విచ్చులు 2.

టంకం సామాను: 35 నుంచి 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్, ఉలి ఆకారం మొనతో, 60/40 రోజిన్ కోర్ సోల్డర్, రోజిన్ ఫ్లక్స్ చిన్న డబ్బా. యాసిడ్ ఫ్లక్స్ వాడొద్దు. రేకు పనివాళ్ళు వాడే ఆ ఫ్లక్స్‌తో టంకం చక్కగా పడుతుంది, కొన్ని నెలల్లో వైరుని పచ్చగా తినేస్తుంది. చివరగా బజర్ ఉన్న డిజిటల్ మల్టీమీటరు. ఖరీదైనది అక్కర్లేదు, కానీ ఇది లేకుండా పని మొదలుపెట్టకండి.

230 వోల్టుల విషయం ఒక్క మాటలో చెప్పాలి. బోర్డు కిందికి 230 వోల్టులు రాకూడదు. గోడ ప్లగ్గులో అడాప్టర్, అక్కణ్నుంచి తక్కువ వోల్టేజీ వైరు మాత్రమే బోర్డుకి రావాలి. అమెరికా నుంచి ఎవరైనా సెట్టు తెచ్చిస్తే దాని అడాప్టర్ మీద రాసింది చదవండి. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో పెట్టగానే కాలిపోతుంది. 100–240 అని ఉంటేనే వాడండి. ఎరుపు, నలుపు మన ఇళ్ళలో ఫేజు, న్యూట్రల్ వైర్ల రంగులు కూడా కాబట్టి బోర్డు మీద మిగిలిన ముక్కలని ఇంటి వైర్లతో కలిపి పెట్టకండి.

బస్ వేయడం

కంట్రోలర్ ముందు వైపు మధ్యలో ఉంటుందనుకోండి. అక్కడ మొదటి కనెక్టర్ స్ట్రిప్పు బిగించి, బస్‌ని రెండు చేతుల్లా చాపాలి. ఒక జోడీ ఎడమ వంపు కింద, ఒక జోడీ కుడి వంపు కింద, పట్టాల దారి వెంటే నడిచి వెనక వైపు మధ్య దగ్గరికి రావాలి. అక్కడ రెండు చేతులూ కలపకండి, ఒక జానెడు దూరంలో ఆపేయండి. ఎందుకంటే రేపు షార్ట్ వచ్చినప్పుడు ఎడమ చెయ్యి విప్పి చూస్తే తప్పు ఏ సగంలో ఉందో నిమిషంలో తేలాలి. కలిపేస్తే ఆ సౌకర్యం పోతుంది.

పైన పట్టాలు కూడా అలాగే రెండు సగాలు కావాలి. వెనక మధ్యలో ఒకచోట, స్టేషన్ ఎడమ పాయింటుకి కాస్త అవతల ఒకచోట రెండు పట్టాలకీ ఇన్సులేటెడ్ జాయినర్లు వేయండి. అప్పుడు స్టేషన్ మొత్తం కుడి సగంలోకి వస్తుంది, గందరగోళం ఉండదు. మన రైల్వేలో ట్రాక్ సర్క్యూట్ల (పట్టాల్లో కరెంటుతో రైలు ఎక్కడుందో కనిపెట్టే ఏర్పాటు) కోసం పట్టాల మధ్య పెట్టే గ్లూడ్ జాయింట్లకి ఇవి చిన్న రూపాలు.

లెక్క కూడా చూడండి. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మీటరుకి సుమారు 13 మిల్లీఓములు అడ్డుకుంటుంది. ఒక్కో చెయ్యి 2.6 మీటర్లు, రానూపోనూ 5.2 మీటర్లు, మొత్తం 0.07 ఓములు. 3 ఆంపియర్లు లాగినా పోయేది 0.2 వోల్టు. ఇది ఏ ఇంజనుకీ తెలియదు. బోర్డు 20 అడుగులకి పెరిగితే 2.5 స్క్వేర్‌కి వెళ్ళండి.

బస్ వైర్లని ప్రతి అడుగున్నరకి ఒక క్లిప్పుతో బోర్డు కిందికి పట్టించండి. వేలాడే వైరు ఎప్పుడో ఒకప్పుడు చేతికో తలకో తగులుతుంది.

ఫీడర్లు, టంకం

ఎరుపు ఎప్పుడూ బయటి పట్టాకి, అంటే బోర్డు అంచు వైపు పట్టాకి. నలుపు లోపలి పట్టాకి. వైరింగ్‌లో పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది: బోర్డు కింద పడుకుని పైకి చూస్తే కుడిఎడమలు తారుమారవుతాయి. కాబట్టి కింద నుంచి ఏదీ ఊహించకండి. పైనుంచి రంధ్రం వేసి, పైనుంచే రంగు చూసి వైరు దించండి.

ఒక పాత బోగీ తీసుకుని ఒక వైపు చక్రాలకి ఎర్ర రంగు పూయండి. ఎర్ర చక్రాలు బయటి పట్టా మీద ఉండేలా పెట్టి లేఅవుట్ అంతా, లూప్, సైడింగ్‌తో సహా చేత్తో తోయండి. ఎర్ర చక్రం నడిచిన పట్టా ఎరుపు పట్టా. ప్రతి ఫీడరు దగ్గరా ఇలా చూసుకుంటే తప్పు పడే అవకాశమే లేదు. ఈ బోగీని పారేయకండి, తరవాత కూడా పనికొస్తుంది.

మెయిన్ లైనుకి 6 జోడీలు, అంటే దాదాపు ప్రతి 3 అడుగులకి ఒకటి, ఒక్కో సగానికి 3. లూప్ లైనుకి ఒకటి, సైడింగ్‌కి ఒకటి. మొత్తం 8 జోడీలు. ఒక్కో ఫీడరు 30 సెంటీమీటర్లు దాటకుండా చూడండి. పొట్టిగా ఉంటే సన్న వైరైనా నష్టం లేదు.

టంకం పట్టాకి బయటి వైపు వేయాలి. లోపలి వైపు వేస్తే చక్రపు అంచు దానికి కొట్టుకుని బోగీ ఎగురుతుంది. పట్టా పక్కన 3 మి.మీ. రంధ్రం వేయండి. పట్టా పక్క భాగాన్ని చిన్న ఆకురాయితో రెండుసార్లు గీకి మెరిసేలా చేయండి, రవ్వంత ఫ్లక్స్ పూయండి. అటూ ఇటూ ఉన్న స్లీపర్ల మీద తడిపిన టిష్యూ కాగితం పెట్టండి, లేకపోతే ప్లాస్టిక్ కరిగి పట్టా వంకరపోతుంది. ఐరన్ మొనని పట్టాకి ఆనించి, సోల్డర్‌ని మొనకి కాక పట్టాకి తాకించండి. 2 సెకన్లలో అది పారి పలుచని మెరుపు పూతలా అతుక్కుంటుంది. వైరు చివర 5 మి.మీ. తొక్క వలిచి, ఎల్ ఆకారంలో వంచి, దానికీ విడిగా పూత వేయండి. ఇప్పుడు రెండూ ఆనించి ఒక్క 2 సెకన్లు వేడి చేస్తే కలిసిపోతాయి. ఐరన్ తీశాక 5 సెకన్లు చెయ్యి కదపకండి. కదిలితే టంకం మసకగా, గరుకుగా గడ్డకడుతుంది. దాన్నే కోల్డ్ జాయింట్ అంటారు. ఇవాళ పనిచేస్తుంది, వచ్చే నెల పనిచేయదు.

చల్లారాక వైరు పట్టి గట్టిగా లాగండి. ఊడితే ఇప్పుడే ఊడాలి.

చాలామంది కొత్తవాళ్ళు 25 వాట్ల ఐరన్‌తో మొదలుపెట్టి, పట్టా వేడెక్కడం లేదని 10 సెకన్లు పట్టుకుంటారు. స్లీపర్లు కరిగేది వేడి ఎక్కువై కాదు, సమయం ఎక్కువై. ఎక్కువ వేడి, తక్కువ సమయం. ఫ్లక్స్ పొగ మంచిది కాదు కాబట్టి కిటికీ తెరిచి పని చేయండి, సోల్డర్‌లో సీసం ఉంటుంది కాబట్టి ముగించాక సబ్బుతో చేతులు కడుక్కోండి, పిల్లలని దూరంగా ఉంచండి.

ఫీడర్ కింది చివరని బస్‌కి కలపడానికి రెండు దారులు. బస్ తొక్క వలిచి చుట్టి టంకం వేయడం ఒకటి, కనెక్టర్ స్ట్రిప్పు ద్వారా బిగించడం ఇంకోటి. తొలి లేఅవుట్‌కి స్ట్రిప్పే మంచిది. తప్పు వెతికేటప్పుడు స్క్రూ విప్పితే చాలు, ఐరన్ వేడి చేసి తలకిందులుగా పడుకోనక్కర్లేదు. ఒక జాగ్రత్త: స్క్రూ కింద పెట్టే వైరు చివరకి టంకం పూయకండి. మెత్తని సోల్డర్ నొక్కుడుకి నెమ్మదిగా జరిగి స్క్రూ వదులవుతుంది. పోగులు మెలితిప్పి పిన్ లగ్గు నొక్కి పెట్టండి.

ఇంకో మాట, జాయినర్లన్నిటికీ టంకం వేసేయకండి. ప్రతి 3 అడుగులకీ కరెంటు ఫీడర్లు ఇస్తున్నప్పుడు దాని అవసరం లేదు. మన ఎండాకాలంలో, మేడ మీద గదిలో, పట్టాలు సాగుతాయి. వానాకాలంలో ప్లైవుడ్ ఉబ్బుతుంది. నాలుగైదు చోట్ల అట్టముక్క మందం సందు వదిలితే ఆ కదలిక అక్కడ సర్దుకుంటుంది. అన్నీ బిగించేస్తే ఏదో ఒక వంపు పక్కకి ఉబికి బోగీలు పట్టాలు తప్పుతాయి.

ప్రతి జోడీ తరవాతా బజర్

పరీక్షకి ముందు పట్టాల మీద నుంచి ఇంజన్లనీ లైట్లున్న బోగీలనీ తీసేయండి. మోటారు గుండా కరెంటు పారి మీటరు మిమ్మల్ని మోసం చేస్తుంది. కంట్రోలర్ వైర్లు విప్పేయండి. ఒక జోడీ వేశాక మీటరుని బజర్ మీద పెట్టి ఎరుపు, నలుపు పట్టాల మీద ఆనించండి. మోగకూడదు. ఎరుపు పట్టా, ఎరుపు బస్ మీద ఆనించండి. మోగాలి. నలుపుకీ అంతే. అప్పుడే రెండో జోడీకి వెళ్ళండి. ఎనిమిదీ వేశాక ఒకేసారి చూద్దామనుకుంటే, మోగిన రోజు ఎనిమిదింటిలో ఏది తప్పో తేల్చడానికి సాయంత్రమంతా పోతుంది.

అన్నీ అయ్యాక ఆటోమొబైల్ షాపులో దొరికే 12 వోల్టుల 5 వాట్ల పార్కింగ్ బల్బుకి రెండు వైర్లు పెట్టి, కంట్రోలర్ ఫుల్‌లో ఉంచి, చుట్టు వెంట ప్రతి అడుగుకీ పట్టాలకి తాకించండి. బల్బు దాదాపు 0.4 ఆంపియర్లు తీసుకుంటుంది, ఒక ఇంజను తీసుకునేంత. ఎక్కడైనా వెలుగు తగ్గితే అక్కడి ఫీడరులోనే లోపం. ఏ లోడూ లేకుండా మీటరుతో వోల్టేజీ చూస్తే కోల్డ్ జాయింట్ కూడా 12 చూపిస్తుంది. బల్బు అబద్ధం చెప్పదు.

పాయింట్లు

లేఅవుట్‌లో చిక్కంతా ఇక్కడే. రెండు దారుల లోపలి పట్టాలు వి ఆకారంలో కలిసే చోటుని ఫ్రాగ్ అంటారు. మన రైల్వేవాళ్ళు క్రాసింగ్ అంటారు. అక్కడ ఒక దారి ఎరుపు పట్టా, ఇంకో దారి నలుపు పట్టా ఒకే చోట కలుస్తాయి. కాబట్టి ఆ వి ముక్క ఏ రంగుది? పాయింటు ఎటు తిరిగితే ఆ రంగుది కావాలి. దీనికి తయారీదారులు రెండు మార్గాలు ఎంచుకున్నారు.

ఒకటి, వి ముక్క ప్లాస్టిక్. పీకో కంపెనీ దీన్ని ఇన్సుల్‌ఫ్రాగ్ అంటుంది. పెట్టెలోంచి తీసి వేస్తే పనిచేస్తుంది. కానీ ఆ కాస్త దూరం కరెంటు ఉండదు. 6 ఇరుసుల పొడవాటి డీజిల్ ఇంజన్లు ఏమీ పట్టించుకోకుండా దాటేస్తాయి, 4 చక్రాల చిన్న షంటింగ్ ఇంజను మాత్రం నెమ్మదిగా పోతే ఆగిపోతుంది. రెండోది, వి మొత్తం లోహం, దీన్ని ఎలక్ట్రోఫ్రాగ్ లేదా లైవ్ ఫ్రాగ్ అంటారు. ఏ ఇంజనైనా ఆగదు, కానీ వైరింగ్ తప్పనిసరి.

తొలి లేఅవుట్‌కి, పెద్ద డీజిళ్ళే నడిపేటట్లయితే, ఇన్సుల్‌ఫ్రాగ్ తీసుకోండి. చిన్న ఇంజన్ల మీద మనసుంటే మొదటి నుంచే లైవ్ ఫ్రాగ్‌కి వెళ్ళండి. తరవాత మార్చాలంటే కంకర తవ్వాలి.

ఇన్సుల్‌ఫ్రాగ్‌లో ఒక పాత జబ్బు ఉంది. ప్లాస్టిక్ ముక్క తరవాత రెండు పట్టాలు చాలా దగ్గరగా మొదలవుతాయి. వెడల్పు చక్రం ఒకేసారి రెండిటినీ తాకితే మిణుకుమని నిప్పురవ్వ, షార్ట్. డీసీలో ఇంజను ఒక్క క్షణం తడబడుతుంది, డీసీసీలో (ఇంజనుకి డిజిటల్ ఆజ్ఞలు పంపే పద్ధతి, దీని సంగతి కింద ఉంది) మొత్తం ఆగిపోతుంది. మందు: ఆ మొనల మీద అంగుళంలో ఐదో వంతు మేర పారదర్శకమైన గోళ్ళ రంగు పూయండి. అరిగినప్పుడు మళ్ళీ పూయాలి.

లైవ్ ఫ్రాగ్ అయితే వి నుంచి బయటికి వచ్చే రెండు లోపలి పట్టాలకీ ఇన్సులేటెడ్ జాయినర్లు వేయాలి. మరిచిపోతే పాయింటు ఒక వైపు తిప్పగానే షార్ట్. ఫ్రాగ్ కింద ఉండే వైరుని మూడు కాళ్ళ మార్పిడి స్విచ్చి మధ్య కాలికి, బస్ ఎరుపు, నలుపు వైర్లని చెరో చివరి కాలికి కలపండి. ఆ స్విచ్చి పాయింటుతో పాటు కదలాలి. టార్టాయిస్ లాంటి నెమ్మది పాయింట్ మోటార్లలో ఈ స్విచ్చులు లోపలే 2 ఉంటాయి. ఇంజను ఫ్రాగ్ మీదకి రాగానే షార్ట్ వస్తే చివరి కాళ్ళ వైర్లు రెండూ తారుమారు చేయండి, అంతే.

కాయిల్ రకం పాయింట్ మోటార్లు వాడితే మామూలు ఆన్-ఆఫ్ స్విచ్చి పెట్టకండి. కాయిల్‌కి కరెంటు క్షణకాలమే ఇవ్వాలి. రెండు మూడు సెకన్లు నిలిస్తే కాలి వాసన వస్తుంది. కాలింగ్ బెల్ నొక్కుడు స్విచ్చి సరిగ్గా సరిపోతుంది. ఇంకా భద్రం కావాలంటే కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్ పెట్టండి. నొక్కి పట్టుకున్నా అది ఒక్క దెబ్బే కొడుతుంది.

పాయింటు బ్లేడు (అటూ ఇటూ కదిలే పట్టా ముక్క) ఆనుకోవడం ద్వారా లూప్‌కి కరెంటు అందుతుంది కదా, విడి ఫీడరు ఎందుకని అనిపిస్తుంది. ఆ ఆనుకునే చోట దుమ్ము చేరేంతవరకే ఆ సుఖం. లూప్‌కి, సైడింగ్‌కి సొంత ఫీడర్లు ఇచ్చి, వాటి ఎరుపు పట్టాలకి మాత్రం చివరల్లో ఇన్సులేటెడ్ జాయినర్లు వేసి, ఎరుపు ఫీడరుని టోగుల్ స్విచ్చి గుండా తీసుకోండి. నలుపు అంతటా ఉమ్మడిగా ఉండనివ్వండి. స్విచ్చి ఆపితే లూప్‌లో ఒక ఇంజను నిద్రపోతుంది, మెయిన్ లైన్లో ఇంకోటి తిరుగుతుంది. డీసీ పద్ధతిలో రెండు ఇంజన్లు ఉంచుకునే సులువైన మార్గం ఇదే.

రైలు వెనక్కి తిరిగి అదే లైనులోకి వచ్చే చోట

ఎర్ర చక్రాల బోగీని తోస్తుంటే ఎప్పుడైనా ఎర్ర చక్రం నల్ల పట్టా మీదకి వచ్చిందా? అయితే మీ పట్టాల అమరికలో రివర్స్ లూప్ ఉంది. బెలూన్ ఆకారపు లూప్, మూడు కాళ్ళ ట్రయాంగిల్, చుట్టుని అడ్డంగా కోసే ఏటవాలు లైను, అన్నిటిదీ ఇదే గుణం. వైరింగ్ ఎంత చక్కగా చేసినా అక్కడ ఎరుపు, నలుపు కలిసి షార్టవుతాయి. ఆ ముక్కకి రెండు చివరలా రెండు పట్టాలనీ ఇన్సులేట్ చేసి, డీసీలో డీపీడీటీ స్విచ్చి (రెండు వైర్లనీ ఒకేసారి తిరగేసే స్విచ్చి) ద్వారా, డీసీసీలో ఆ పనిని దానంతటదే చేసే ఆటో రివర్సర్ ద్వారా విడిగా కరెంటు ఇవ్వాలి. ఆ ముక్క మీ అతి పొడవైన రైలు కంటే పొడవుండాలి, లేకపోతే లోహపు చక్రాలు రెండు చివరల సందులనీ ఒకేసారి కలిపేస్తాయి.

8×4 బోర్డు మీద దీని జోలికి పోకపోవడమే మేలు. రైలు దిశ మార్చాలన్న సరదా ఉంటే విశాఖపట్నం స్టేషనుని చూడండి. హౌరా–చెన్నై దారిలో విశాఖలోకి వచ్చే రైళ్ళు ఇంజను ఒక చివర నుంచి ఇంకో చివరికి మార్చుకుని, వచ్చిన వైపుకే బయల్దేరతాయి. మన లూప్ లైను ఆ పనికి సరిపోతుంది: రైలుని మెయిన్ లైన్లో ఆపి, ఇంజను విడదీసి, లూప్ గుండా అవతలి చివరికి తీసుకెళ్ళి తగిలించండి. ఒక్క వైరు కూడా అదనంగా అక్కర్లేదు.

డీసీయా, డీసీసీయా

డీసీసీలో పట్టాలకి ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది, హెచ్‌ఓలో 14–16 వోల్టులు. ఆ వోల్టేజీయే క్షణంలో వేల సార్లు అటూఇటూ మారుతూ అంకెల రూపంలో ఆజ్ఞలు మోస్తుంది. ఇంజన్లో ఉండే డీకోడర్ తన నంబరుకి వచ్చిన ఆజ్ఞని మాత్రమే వింటుంది. ఒకే లైను మీద రెండు ఇంజన్లని విడివిడిగా నడపొచ్చు. కొత్త డీకోడర్ల నంబరు 3తో వస్తుంది. రెండు కొత్త ఇంజన్లు ఒకేసారి పట్టాల మీద పెట్టి రెండూ కలిసి పరుగెడుతున్నాయంటే భయపడకండి, ఒకదాని నంబరు మార్చాలి.

పైన చెప్పినట్టు బస్, ఫీడర్లు వేస్తే మారడానికి చేయాల్సింది చాలా తక్కువ: పాత కంట్రోలర్ వైర్లు విప్పి డీసీసీ సెట్టు వైర్లు పెట్టడం, లూప్, సైడింగ్ స్విచ్చులని ఎప్పుడూ ఆన్‌లో ఉంచడం. రెండు కంట్రోలర్లనీ ఒకే పట్టాలకి ఒకేసారి ఎప్పుడూ తగిలించకండి, రెండిట్లో ఒకటి పోతుంది. కొన్ని స్టార్టర్ సెట్ల పవర్ క్లిప్పులో రేడియో అలజడి తగ్గించే చిన్న కెపాసిటర్ ఉంటుంది. అది డీసీసీ సిగ్నల్‌ని చెడగొడుతుంది కాబట్టి తీసేయాలి. డీకోడర్ లేని ఇంజనుని డీసీసీ పట్టాల మీద నిలబెట్టకండి. గుయ్యిమని మోగుతూ మోటారు వేడెక్కుతుంది.

డీసీసీలో తప్పక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. రూపాయి బిళ్ళ తీసుకుని లేఅవుట్ చుట్టూ ప్రతి రెండడుగులకీ, ప్రతి పాయింటుకి అటూ ఇటూ, సైడింగ్ చివరన కూడా రెండు పట్టాలకీ అడ్డంగా పెట్టండి. పెట్టిన ప్రతిచోటా వెంటనే పవర్ ట్రిప్పవ్వాలి. అవకపోతే అక్కడ వైరింగ్ బలహీనంగా ఉందన్నమాట: కరెంటు ట్రిప్పయ్యేంత పారడం లేదు, కానీ బోగీ పట్టాలు తప్పి అక్కడ షార్టయితే 3–5 ఆంపియర్లు ఆగకుండా పారి చక్రాలనీ స్లీపర్లనీ కరిగించేస్తుంది. ఒక ఫీడరు పెంచండి, మళ్ళీ బిళ్ళ పెట్టి చూడండి.

లైట్లు విడి లైను మీద

స్టేషను, ఇళ్ళు, దీప స్తంభాలకి పట్టాల కరెంటు వాడకండి. సీసీ కెమెరాలకి అమ్మే 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ ఒకటి చాలు. పసుపు, నీలం వైర్లతో రెండో బస్ వేయండి, పసుపు ప్లస్. ఒక్కో ఎల్ఈడీకి 1 కిలోఓము, పావు వాటు రెసిస్టర్ వరసలో పెడితే సుమారు 9 మిల్లీఆంపియర్లు పారుతుంది. చిన్న ఇంటికి అది కూడా ఎక్కువ వెలుగే. 3 తెల్ల ఎల్ఈడీలని వరసగా కలిపితే 330 ఓములు. పొడవు కాలు ప్లస్ వైపు. తిరగేసి పెడితే వెలగదు, రెసిస్టర్ మరిచిపోతే ఒక్క క్షణం వెలిగి ఆరిపోతుంది.

ఇంజను మొరాయిస్తే

చుట్టంతా ఒకే రకంగా తడబడితే వైరింగ్ కాదు, మసి. గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి పట్టాల పైభాగం, ఇంజను చక్రాలు తుడవండి. గరుకు కాగితంతో రుద్దకండి. ఆ గీతల్లో మసి మరింత త్వరగా చేరుతుంది. ఒకే చోట ఆగితే అక్కడి ఫీడరు లాగి చూడండి. పాయింటు మీదే ఆగితే ఫ్రాగ్. ఒక పాయింటు తిప్పినప్పుడే షార్ట్ వస్తే ఆ పాయింటు ఇన్సులేటెడ్ జాయినర్ మరిచారు, లేదా వేసవిలో పట్టాలు సాగి కోసిన సందు మూసుకుపోయింది. అలాంటి సందుల్లో చిన్న ప్లాస్టిక్ ముక్క అతికించి ఆకురాయితో సరిచేస్తే మళ్ళీ మూసుకోదు.

ఏమీ చేయకుండానే షార్ట్ చూపిస్తే ముందు పట్టాల మీద చూడండి. స్క్రూ, పిన్ను, పట్టాలు తప్పిన బోగీ, మరిచిపోయిన రూపాయి బిళ్ళ. అవేవీ లేకపోతే ఎడమ చెయ్యి విప్పండి. షార్ట్ పోయిందా, తప్పు ఎడమ సగంలో ఉంది. పోలేదా, కుడి. తరవాత ఆ సగంలో ఫీడర్లని ఒక్కొక్కటిగా స్ట్రిప్పు దగ్గర విప్పుతూ బజర్ ఎప్పుడు ఆగుతుందో వినండి. అన్నీ విప్పినా బస్ మోగుతుంటే ఏదో క్లిప్పు మేకు వైరు తొక్క చీల్చింది. బస్ మౌనంగా ఉండి పట్టాలు మోగుతుంటే పాయింట్లు ఒక్కొక్కటీ చూడాలి.

ప్రతి స్ట్రిప్పు పక్కనా మాస్కింగ్ టేపు మీద ఏ ఫీడరు ఎక్కడిదో రాయండి: "ఎడమ 2, వెనక వంపు" అని. పట్టాల బొమ్మ ఒకటి కాగితం మీద గీసి ఫీడర్లు, ఇన్సులేటెడ్ జాయినర్లు, స్విచ్చులు గుర్తుపెట్టి, ప్లాస్టిక్ కవరులో బోర్డు కిందే అంటించండి. వైరు మార్చిన రోజే ఆ బొమ్మ కూడా దిద్దండి.